తిప్పమ్మకుంట పాత ముద్ర

కుళ్ళాయప్ప ముద్ర కొడితే అక్షరం అలుక్కుపోయేది కాదు. తేదీ మసకబారేది కాదు. టపా సంచి గుమ్మఘట్ట చేరాక అక్కడి పోస్టుమాస్టరు ఆ కార్డులు పైకెత్తి, “ముద్రంటే ఇట్ల కొట్టల్లప్పా” అని తన కింది మనుషులకు చూపించేవాడట. ఆ మాట ఎవరో మోసుకొచ్చి చెప్పిన నాటినుంచి కుళ్ళాయప్పకు ఆ పని మీద మోజు మరీ ఎక్కువైంది. కొట్టే ముందు చిత్తుకాగితం మీద రెండుసార్లు కొట్టి చూసుకునేవాడు. తేదీ అచ్చుల మధ్య చిక్కిన సిరా పిప్పిని కుట్టుసూదితో గీకి తీసేవాడు.

సూదికి ఆయన దగ్గర కొదవ లేదు. అసలు వృత్తి దర్జీ పని. ఎనిమిదో తరగతి చదివినందుకు పోస్టాఫీసు కూడా ఇచ్చారు. పోస్టాఫీసంటే పెద్ద కట్టడమేమీ కాదు. పెద్దింటి తిమ్మప్ప ఇంటి వసారాలో చివరి గది. లోపల ఒక బల్ల, ఒక చెక్కపెట్టె. గది బయట, అదే వసారాలో, కుళ్ళాయప్ప కుట్టుమిషను. పొద్దున బస్సులో సంచి వచ్చింది మొదలు మధ్యాహ్నం దాకా పోస్టుమాస్టరు, ఆ తర్వాత దర్జీ. వసారాకు తిమ్మప్ప బాడుగ అడిగేవాడు కాదు. గది తాళానికి రెండో చెవి, మారుచెవి, మాత్రం పెద్దింట్లోనే ఉండేది. ఇల్లు వాళ్లది కాబట్టి అది ఎవరికీ తప్పుగా తోచలేదు.

ఊరి పేరు అప్పట్లో తిప్పమ్మకుంట. ఆ తిప్పమ్మ ఎవరో చూసినవాళ్లు లేరు. మొగుడు పోయాక ఒంటరిగా ఉండి, తన మెళ్లో ఉన్నది అమ్మి కుంట తవ్వించిందని మాత్రం చెప్పుకునేవాళ్లు. ఆ కుంట కింద ఉన్న మెట్టా మాగాణీ కాలం గడిచేకొద్దీ తిమ్మప్ప వంశం చేతికొచ్చాయి. అరవై ఎనిమిదిలో తిమ్మప్ప నాయన శ్రీరంగప్ప పోయాడు. పెద్దకర్మ అయిన కొన్నాళ్లకే తిమ్మప్ప ఎవరెవరినో పట్టుకుని ఊరి పేరు శ్రీరంగాపురమని మార్పించాడు. గెజిట్లో కూడా పడింది. ఊరి మొదట్లో సున్నం కొట్టిన రాయి మీద కొత్త పేరు రాయించారు. జనం మాత్రం బస్సెక్కి కండక్టరుతో “తిప్పమ్మకుంటకు ఒక టిక్కెట్టు” అనే అనేవాళ్లు.

పోస్టాఫీసుకు కొత్త పేరుతో ముద్ర రాలేదు. కుళ్ళాయప్ప పైకి రాశాడు. జవాబు లేదు. తనిఖీకి వచ్చిన ఇన్‌స్పెక్టరును అడిగితే, “వచ్చేదాకా పాతదే కొట్టు, పనేమైనా ఆగిందా?” అన్నాడు. పని ఆగలేదు. పాత ముద్ర చిన్నది. అంచున ఒకచోట పన్ను ఊడినట్టు చిన్న లొట్ట. ఆ లొట్టతోనే అరవై తొమ్మిది, డెబ్బై, డెబ్బై ఒకటి గడిచాయి.

కొత్త ముద్ర డెబ్బై మూడులో వచ్చింది. ఆ యేడు ఊళ్లో ఎవరినడిగినా చెప్పగలరు. కుంట అడుగున మట్టి పెంకులు పెంకులుగా లేచిపోయింది. ఎద్దుల్ని అడిగినంతకు ఇచ్చేశారు. బడి ముందర గంజి కేంద్రం పెట్టారు. ఆ గంజి కోసం జనం గిన్నెలు పట్టుకుని వరసలో నిలబడి ఉండగానే బస్సు సంచిలోంచి కొత్త ముద్ర దిగింది. తిమ్మప్ప సంబరం అంతా ఇంతా కాదు. వసారాలో పీట వేయించి, ముద్రకు పసుపు కుంకుమ పెట్టించి, టెంకాయ కొట్టి, తన చేత్తోనే మొదటి ముద్ర తెల్లకాగితం మీద వేశాడు. వరసలో ఉన్నవాళ్లందరూ గిన్నెలతోనే వచ్చి చూశారు. పెద్దగా, వెడల్పు అంచుతో, నాయన పేరు గుండ్రంగా తిరిగి ఉంది. కాగితాన్ని పటం కట్టించుకుంటానన్నాడు తిమ్మప్ప. కట్టించాడో లేదో కుళ్ళాయప్పకు తెలియదు. పాత ముద్రను కుళ్ళాయప్ప గుడ్డలో చుట్టి పై ఆఫీసుకు పంపించేశాడు. పంపే ముందు ఎందుకో దాన్ని కాసేపు అరచేతిలో పెట్టుకుని కూర్చున్నాడు.

డెబ్బై ఐదులో భూముల చట్టం ఊరిదాకా వచ్చింది. ఒక కుటుంబానికి ఇంతకు మించి భూమి ఉండకూడదు, మిగిలింది లేనివాళ్లకు పంచుతారు అన్నారు. డెబ్బై ఒకటి జనవరికి ముందే ఎవరికైనా రాసి ఇచ్చి ఉంటే సరే, ఆ తర్వాత ఇచ్చింది చెల్లదు అని కూడా అన్నారు. తిమ్మప్ప తనకు మిగులు భూమే లేదని లెక్క ఇచ్చాడు. కుంట కింద భూమంతా అరవై తొమ్మిదిలోనే బావమరుదులకు, మేనల్లుళ్లకు పంచి ఇచ్చేశానన్నాడు. ఆ భూముల్లో పనిచేసే, ఊరి బయట వాడలో జనం నవ్వుకున్నారు. బావమరుదులు ఏనాడూ ఆ చేలల్లో కాలు పెట్టలేదు. విత్తేదీ కోసేదీ వాడవాళ్లే. మోసేది పెద్దింటి గాదెలకే.

ఒక సాయంత్రం తిమ్మప్ప వసారాలోకి వచ్చి కుట్టుమిషను పక్కన నిలబడ్డాడు.

“ఏమప్పా కుళ్ళాయప్పా, బేస్తవారం విచారణ ఉండాది. నువ్వూ ఒకసారి రావల్ల.”

“నేనెందుకన్నా?”

“భూమి ఇచ్చినానని నేను అప్పట్లో మా బావమరిదికి రాసిన కార్డులుండాయి. ముద్ర మన పోస్టాఫీసుదేనని ఒక్క మాట చెప్పు. అంతే.”

మన ముద్రను మనది అని చెప్పడానికేముంది అనుకున్నాడు కుళ్ళాయప్ప. ఉతికిన చొక్కా వేసుకుని, తిమ్మప్ప జీపులోనే పట్నానికి పోయాడు.

విచారణ గదిలో ఫ్యాను కిర్రుకిర్రుమంటోంది. అధికారి కార్డులు చేతికిచ్చాడు. “ఇవి మీ పోస్టాఫీసులో వేసినవేనా?”

కుళ్ళాయప్ప ముందు ముద్రనే చూశాడు. పెద్ద ముద్ర, వెడల్పు అంచు, శ్రీరంగాపురం. అలవాటుకొద్దీ తేదీ చూశాడు. అరవై తొమ్మిది, జూను. రెండో కార్డు చూశాడు. అరవై తొమ్మిది, ఆగస్టు. ముద్ర అలుక్కుపోయి, వంకరగా పడి ఉంది. కొట్టిన చెయ్యి తనది కాదు. అందుకే ముందుగా ఆ మాటే నోట్లోంచి వచ్చింది.

“ఇది నేను కొట్టింది కాదు సార్.”

తిమ్మప్ప తలెత్తాడు. అధికారి కళ్లజోడు తీశాడు. “ముద్ర మీది కాదా?”

“ముద్ర మాదే. కానీ అరవై తొమ్మిదిలో ఈ ముద్ర యాడుండాది సార్? ఇది డెబ్బై మూడులో కదా వచ్చింది. అప్పటిదాకా తిప్పమ్మకుంట ముద్రే.”

మాట బయటపడ్డాక గానీ తానేమన్నాడో ఆయనకు అర్థం కాలేదు. తిమ్మప్ప ముఖంలోకి చూశాక అర్థమైంది. కానీ అప్పటికి గుమాస్తా ఆ మాట రాసేసుకున్నాడు. తిమ్మప్ప లాయరు లేచి గెజిటు కాగితం చూపించాడు. పేరు అరవై ఎనిమిదిలోనే మారింది, అరవై తొమ్మిది కార్డు మీద కొత్త పేరు ఉండటంలో వింత లేదు అన్నాడు. ముద్ర ఆలస్యంగా వచ్చిందనడానికి రుజువు ఉంటే తెమ్మని అధికారి వాయిదా వేశాడు.

తిరుగు ప్రయాణంలో జీపు లేదు. బస్సు దిగి ఇల్లు చేరేసరికి కుట్టుమిషను ఆయన ఇంటి ముందర మట్టిలో పడి ఉంది. భార్య భద్రమ్మ దాని పక్కనే చెంగు నోటికి అడ్డుపెట్టుకుని కూర్చుని ఉంది.

“ఏం చెప్పినావు ఆడ?”

చెప్పాడు.

“నిన్నెవరడిగినారు యానాడు వచ్చిందని? మాది అంటే సరిపోయేది కదా.”

“నాది కాదే. వంకరగా కొట్టినారు.”

భద్రమ్మ ఆయన్ని పిచ్చివాణ్ణి చూసినట్టు చూసింది. “వంకరగా కొట్టినారని చెప్పి కూడు పోగొట్టుకుంటివి” అని లోపలికి పోయింది. అందులో అబద్ధం లేదని కుళ్ళాయప్పకూ తెలుసు. న్యాయం కోసమని ఆయన నోరు విప్పలేదు. తన పని మీద ఎవరో చెయ్యి పెట్టారన్న రోషం. అయితే ఆ రాత్రికే వాడలో వాళ్లకు కబురు పోయింది. మరునాటికి అది ఆయన రోషం కాకుండా పోయి, వాళ్ల ఆశ అయింది. ఇక వెనక్కి తీసుకునే దారి లేకపోయింది.

రుజువంటే ఏముంది? ముద్ర వచ్చిన నాటి కాగితం పై ఆఫీసులో ఉండాలి. అడిగితే పాత రికార్డు దొరకలేదన్నారు. టెంకాయ కొట్టడం చూసినవాళ్లు ఊరంతా ఉన్నారు. కానీ తిమ్మప్ప పొలంలో పని, తిమ్మప్ప బావిలో నీళ్లు. బడి ముందర గంజికి నిలబడ్డ ఓబన్ననడిగితే, “చూసినా అన్నా. ఏ యేడో మతికి లేదు” అని మొహం తిప్పుకున్నాడు. మతికి లేని మనిషి కళ్లలో నీళ్లెందుకు వస్తాయని కుళ్ళాయప్ప అడగలేదు.

అప్పుడు గుర్తొచ్చింది పెద్దక్క తీగ.

పెద్దక్క వాడలో చివరింటి మనిషి. కూలి చేసుకుని బతికేది. ఒక్కడే కొడుకు యేసన్న. క్రైస్తవ మిషన్ బళ్లో చదువుకున్నాడు. అంతకుముందరి ఒక కరువుకు తట్టుకోలేక అరవై తొమ్మిదిలోనే బళ్లారి అవతల రాళ్ల గనిలో పనికి పోయాడు. నెలకో రెండు నెలలకో కార్డు రాసేవాడు. పెద్దక్కకు చదువు రాదు. కార్డు వచ్చిన నాడు వసారా మెట్ల కింద నిలబడితే కుళ్ళాయప్ప మిషను ఆపి చదివి వినిపించేవాడు. విన్న కార్డును ఇంటికి తీసుకుపోయి, చూరుకు వేలాడే ఇనుపతీగకు గుచ్చేది. డెబ్బై నాలుగులో గనిలో బండ జారి యేసన్న పోయాడు. శవాన్ని అక్కడే పూడ్చిపెట్టారు. కబురు తెచ్చిన కార్డు కూడా కుళ్ళాయప్పే చదివాడు. ఆ ఒక్క కార్డును పెద్దక్క తీగకు గుచ్చలేదు.

పొద్దు వాలుతుండగా కుళ్ళాయప్ప వాళ్ల ముంగిట్లోకి పోయాడు. విషయం చెప్పాడు.

“ఆ కార్డులు చూపిస్తే భూమి వస్తాదా అప్పా?”

“వస్తాదని చెప్పలేను పెద్దక్కా. అవి లేకుంటే మాత్రం రాదు.”

ఆమె లేచి తీగ దింపింది. పొగచూరి నల్లబడ్డ తీగ. కార్డులు మధ్యలో చిల్లు పడి ఒకదాని మీద ఒకటి ఒత్తుకుని ఉన్నాయి. అడుగున ఉన్నది మొదటిది, పైనున్నది చివరిది. కుళ్ళాయప్ప వాటిని తియ్యకుండానే ఒక్కొక్కటీ పైకి జరుపుతూ ముద్ర చూశాడు. కార్డు ఊరికి చేరినప్పుడు కూడా ముద్ర కొట్టేవాడు కాబట్టి ప్రతి కార్డు మీదా ఆయన చేతిది ఒకటి ఉంది. అరవై తొమ్మిది, చిన్న ముద్ర. డెబ్బై, చిన్న ముద్ర. డెబ్బై ఒకటి, చిన్న ముద్ర. అన్నిటికీ అంచున ఆ లొట్ట.

కొన్నిటికి పొగ తగిలి తేదీ కనిపించలేదు. వాటిని వెనక్కి తిప్పి యేసన్న మాటలు చదివి, ఏ యేటివో పోల్చుకున్నారు. ఒకదాంట్లో “మన కుంట మరవ పోయిందంట, నిజమేనా” అని ఉంది.

“అది వాన పడిన యేడు” అంది పెద్దక్క. “వాడు గనికి పోయినాక ఒక్కసారే కుంట నిండింది. డెబ్బై కదా?”

ఇంకోదాంట్లో, “అమ్మకు యేసన్న వ్రాయునది, నీవు గంజి కేంద్రానికి పోతాండావని తిప్పయ్య చెప్పినాడు, నాకు అన్నం దిగలేదు” అని ఉంది. దాని ముద్ర చిన్నదే. దాని పైన గుచ్చిన కార్డుకు పెద్ద ముద్ర. కరువు మధ్యలోనే చిన్నది పోయి పెద్దది వచ్చిందని తీగే చెబుతోంది. ఎన్నాళ్లకో ఒక చొక్కా కొలత సరిగ్గా కుదిరినంత తృప్తి కలిగింది కుళ్ళాయప్పకు.

పెద్దక్క ఆ గంజి కార్డును వేలితో తడిమింది. “ఇది మళ్లీ చదువు.”

చదివాడు. ఆమె కొంగు సర్దుకుని, “తీసుకపో. మళ్ల నా చేతికి తెచ్చియ్యల్ల. వాని మాటలు ఇవి తప్ప నాకేం లేవు” అంది.

“నాది పూచీ” అన్నాడు కుళ్ళాయప్ప.

రెండో విచారణ నాడు అధికారి తీగను చూసి ముక్కు చిట్లించాడు. పొగ వాసన. గుమాస్తా కార్డులు ఊడదీసి, దారంతో కట్టి, వెనకాల ఎర్రసిరాతో నంబర్లు వేశాడు. కుళ్ళాయప్ప వరసగా చెప్పాడు. ఎక్కడా తడబడలేదు. తిమ్మప్ప లాయరు మధ్యలో అడ్డుపడలేదు. అంతా విని, నెమ్మదిగా లేచాడు.

“ఆ ముద్ర ఎవరి దగ్గర ఉంటుంది?”

“నా దగ్గరే.”

“మీరు కాక ఇంకెవరైనా కొట్టవచ్చునా?”

“కొట్టకూడదు.”

“అయితే తిమ్మప్పగారి కార్డుల మీద ముద్ర ఎవరు కొట్టినట్టు? అరవై తొమ్మిదిలో మీరు కొట్టి ఉండాలి. లేదా ఆ తర్వాత దొంగతేదీ పెట్టి మీరే కొట్టి ఉండాలి. ఏది?”

మారుచెవి పెద్దింట్లో ఉంటుందని కుళ్ళాయప్ప చెప్పాడు. పెద్దింటి లెక్కలు చూసే వెంకటేశులుకు ఆ గదిలోకి రాకపోకలున్నాయని చెప్పాడు. మీ ముద్ర ఉన్న గదికి మారుచెవి పరాయి ఇంట్లో ఎందుకు ఉంచారు, పైకి ఎప్పుడైనా ఫిర్యాదు చేశారా అని లాయరు అడిగాడు. లేదన్నాడు. ఫిర్యాదు చెయ్యాలన్న ఆలోచన ఏనాడూ రాలేదని కూడా అన్నాడు. అది నిజమే. ఆ నిజం ఎవరికీ పనికిరాలేదు.

బయటకు వచ్చాక తిమ్మప్ప బీడీ ముట్టించుకుంటూ, “నీ సీలు నీ మెడకే చుట్టుకునె కదప్పా” అన్నాడు. గొంతులో కోపం కూడా లేదు.

కొన్ని నెలలకు ఉత్తర్వు వచ్చింది. పేరు అరవై ఎనిమిదిలో మారినందువల్ల తిమ్మప్ప కార్డుల మీది ముద్ర నమ్మదగినదే, పాత ముద్ర కూడా కొంతకాలం వాడి ఉండటం పోస్టుమాస్టరు అజాగ్రత్త అని రాశారు. తిమ్మప్పకు మిగులు భూమి లేదని తేలింది. కుంట కింద ఒక్క చెక్క కూడా వాడకు రాలేదు.

ఆ ఉత్తర్వు నకలును ఎవరో పోస్టల్ పై ఆఫీసుకు పంపారు. అక్కడినుంచి ఇంకో కాగితం వచ్చింది. గెజిటు అయ్యాక కూడా పాత పేరు ముద్ర కొట్టినందుకు ఒక తప్పు, ముద్రను పరాయివాళ్ల చేతికి దొరికేలా ఉంచి దొంగముద్ర పడనిచ్చినందుకు ఇంకో తప్పు. కుళ్ళాయప్ప రెండు కాగితాలూ బల్ల మీద పక్కపక్కన పెట్టుకున్నాడు. ఒకదాంట్లో ఆ ముద్ర అసలుది. ఇంకోదాంట్లో అదే ముద్ర దొంగది. అసలుదైనందుకు భూమి పోయింది, దొంగదైనందుకు ఉద్యోగం పోయింది.

ఇన్‌స్పెక్టరు వచ్చి ముద్ర, పెట్టె, తాళంచెవులు లెక్కజూసుకుని తీసుకున్నాడు. ఈయనే ఒకప్పుడు పాతదే కొట్టమన్నవాడు.

“మీరే కదా సార్ వచ్చేదాకా పాతది కొట్టమన్నది?”

“నోటిమాట ఎవరికి కావాలయ్యా?” అన్నాడాయన, సంతకం చోటు చూపిస్తూ.

నెల తిరగకుండా పోస్టాఫీసు వెంకటేశులుకు ఇచ్చారు.

కుళ్ళాయప్ప మిషను ఇంటి ముందరి పందిరి కిందికి మారింది. బట్టలిచ్చేవాళ్లు తగ్గిపోయారు. పెద్దింటివాళ్ల కంట్లో పడతామని వాడవాళ్లు కూడా రాయదుర్గం పోయి కుట్టించుకున్నారు. ఎవరి కోసమైతే చెప్పాడో వాళ్లే రాకపోవడం భద్రమ్మ జీర్ణించుకోలేకపోయింది. వాళ్లను తిట్టేది, ఆయన్ని తిట్టేది, చివరకు ముద్ర చేసినవాణ్ణి తిట్టేది. కుళ్ళాయప్ప మాత్రం ఎవరినీ ఏమనలేదు. ఆయనకు వేరే చింత పట్టుకుంది. పెద్దక్క కార్డులు ఇంకా పట్నం ఆఫీసులోనే ఉన్నాయి.

మొదటిసారి పోతే, అప్పీలు గడువు దాటాలన్నారు. దాటాక పోతే, ఫైలు పైకి పోయిందన్నారు. పైకి పోతే, కిందికి పంపేశామన్నారు. అర్జీ రాశాడు. దానికి నంబరిచ్చారు. ఆ నంబరు చెబితే కొత్తగా వచ్చిన గుమాస్తా, “ఎవరి కార్డులయ్యా ఇవి? నీవా?” అన్నాడు.

“ఒకామె కొడుకువి.”

“ఆమెను రమ్మను.”

పెద్దక్కను తీసుకుపోయాడు. ఆమె వేలిముద్ర వేసింది. సాయంత్రం దాకా మెట్ల మీద కూర్చున్నారు. కట్ట దొరకలేదు, మళ్లీ కబురు చేస్తామన్నారు. బస్సులో వస్తూ పెద్దక్క కిటికీవైపు తిరిగి కూర్చుంది. దారి పొడుగునా కంప చెట్లూ రాళ్లూ తప్ప చూడ్డానికి ఏమీ లేదు. అయినా ఊరొచ్చేదాకా ఇటు తిరగలేదు.

ఆ తర్వాత వాడలో కుళ్ళాయప్ప ఎదురుపడినప్పుడల్లా ఆమె ఒక్కటే అడిగేది. “వచ్చినాయా అప్పా?” ఆయన తల అడ్డంగా ఊపేవాడు. కొన్నేళ్లకు అడగడం మానేసింది. అడిగినన్నాళ్లే బాగుండిందని ఆయనకు అనిపించింది.

ఎనభైల్లో తాలూకాలు పోయి మండలాలు వచ్చాయి. కరువు మాత్రం ఎటూ పోలేదు. మిషను మీద కుట్టే కంటిచూపు తగ్గాక, కుళ్ళాయప్ప రోడ్డు పక్కన కొత్తగా పెట్టిన వేరుశెనగ మిల్లులో గోనెసంచులు కుట్టే పనికి కుదిరాడు. దబ్బనం, పురికొస. కంటికన్నా చేతికి పని. భద్రమ్మ కూడా అక్కడే కాయలు ఏరేది.

ఎనభై ఆరు ఎండాకాలంలో ఒక పెద్దమనిషి మిల్లు దాకా వెతుక్కుంటూ వచ్చాడు. పేరు హనుమంతరాయుడు. అనంతపురంలో కాలేజీలో పనిచేసి రిటైరయ్యాడట. బుక్కరాయసముద్రంలో ఉంటాడు. పాత పోస్టుముద్రలు పోగుచేయడం ఆయన సరదా. తలకు తువ్వాలు చుట్టుకుని, చంకలో పెద్ద ఆల్బం పెట్టుకుని, చెమటలు కక్కుతూ ఉన్నాడు.

“పేర్లు మారిన ఊళ్ల ముద్రల మీద ఒక వ్యాసం రాస్తున్నాను కుళ్ళాయప్పగారూ. మీ తిప్పమ్మకుంట ముద్ర ఏ యేటిదాకా వాడారు, శ్రీరంగాపురం ముద్ర ఎప్పుడు మొదలైంది, అది నాకు తేలడం లేదు. మీరే చెప్పగలరని మీ ఊళ్లో అన్నారు.”

ఇన్నేళ్లకు ఆ ప్రశ్న తనను ఒకరు మర్యాదగా అడిగారు. కుళ్ళాయప్ప దబ్బనం పక్కన పెట్టి చేతులు తుడుచుకున్నాడు. గోనెల కుప్ప మీద ఆల్బం తెరిచారు.

నల్లటి అట్ట మీద చిన్న చిన్న చదరపు ముక్కలు అంటించి ఉన్నాయి. ప్రతి ముక్కలోనూ ఒక ముద్ర. చిన్న ముద్ర. అంచున లొట్ట. తన చెయ్యి. కుళ్ళాయప్ప ముఖం వికసించింది. వేలు పెట్టి చూపిస్తూ, ఇది అరవై తొమ్మిది, ఇది కుంట నిండిన యేడు అని చెప్పుకుంటూ పోయాడు. హనుమంతరాయుడు సంతోషంగా పెన్సిలుతో రాసుకుంటున్నాడు.

ఇంకా అంటించని ముక్క ఒకటి పేజీల మధ్యనుంచి జారి పడింది. కుళ్ళాయప్ప దాన్ని తీసి వెనక్కి తిప్పాడు. వెనకాల సగం తెగిన అక్షరాలు. “మ్మకు యేస”. ముక్క అంచున సగం చిల్లు, దాని చుట్టూ తుప్పు మరక.

“ఇవి యాడివి సార్?”

“గుత్తిలో పాత కాగితాలు అమ్మే అంగట్లో దొరికాయి. ఏదో ఆఫీసు ఫైళ్లు తూకానికి అమ్మేశారట.”

“తక్కిన కార్డు యాడ?”

“తక్కినదంటే?”

“రాసిన భాగం.”

“అదంతా ఉంచితే చోటు చాలదండీ. మాకు కావలసింది ముద్ర వరకే. కత్తిరించి పడేస్తాం.” ఆయన ముఖంలో కపటం లేదు. పేజీ తిప్పాడు. “ఇదొక్కటి మాత్రం నిండు కార్డుగా ఉంచాను, చూడండి. శ్రీరంగాపురం, జూను అరవై తొమ్మిది. ఇంతకన్నా పాతది ఎవరి దగ్గరా లేదు.”

తిమ్మప్ప కార్డు. అద్దంలాంటి పల్చటి కాగితం కింద భద్రంగా ఉంది.

“అది దొంగముద్ర సార్. డెబ్బై ఐదులో కొట్టింది.”

హనుమంతరాయుడు ఇబ్బందిగా నవ్వాడు. “విచారణలో సరైనదని తేలిందట కదా. వెనకాల నంబరు కూడా ఉంది. పోనీ, మీ మాట కూడా ఒక మూల వేస్తాలెండి, అనుమానం ఉన్నట్టు.”

కుళ్ళాయప్ప ఇక వాదించలేదు. అంటించని ముక్క తనకిమ్మని అడిగాడు. ఆయన వెంటనే ఇచ్చేశాడు. అలాంటివి ఇంకా చాలా ఉన్నాయన్నాడు. వెళ్తూ వెళ్తూ దణ్ణం పెట్టి వెళ్లాడు.

సాయంత్రం మిల్లు విడిచాక కుళ్ళాయప్ప ఇంటికి పోకుండా వాడవైపు నడిచాడు. దాచిపెడితే ఏమవుతుందని దారంతా ఆలోచించాడు. దొరకలేదనే అనుకుంటూ ఆమె పోయేదాకా బతికేస్తుంది. కానీ ఆయనకు ఆ విద్య రాలేదు. మొదటి నుంచీ రాలేదు.

పెద్దక్క గుమ్మంలో కూర్చుని ఉంది. చూపు బాగా ఆనడం లేదు. గొంతును బట్టి పోల్చుకుంది.

“నీ కార్డులు కనపడినాయి పెద్దక్కా. తూకానికి అమ్మేసినారు. కొన్నాయన ముద్రలు కోసుకుని తక్కింది పారేసినాడు. ఇదొక్కటి తెచ్చినా.”

ఆమె చెయ్యి చాపి ముక్కను అందుకుంది. రెండు వేళ్ల మధ్య పట్టుకుని, అంచుల వెంబడి బొటనవేలు నడిపింది. అదెంత చిన్నదో తెలిసేసరికి వేలు ఆగిపోయింది.

“ఇందులో ఏముండాది?”

“ఒక పక్క ముద్ర. ఇంకో పక్క... అమ్మకు అని రాసింది, సగం.”

“తక్కిన సగం?”

“ఆయన కత్తెరకు పోయింది.”

“భూమి మాకు యానాడూ లేదు. రాకుంటే రాలేదు” అంది పెద్దక్క. గొంతు పెంచలేదు. “ఆపొద్దు నువ్వు గమ్మునుండి ఉంటే, నా బిడ్డ తీగ నా చూరులో ఉండేది కదప్పా.”

ముక్కను ఆయన వైపే చాపి పట్టుకుంది. ఆయన తీసుకోలేదు. ఆమె దాన్ని గడప మీద పెట్టి, గోడ పట్టుకుని లేచి లోపలికి పోయింది. తలుపు వెయ్యలేదు. పిలవనూ లేదు.

కుళ్ళాయప్ప ముక్కను గడప మీదే వదిలేశాడు. తర్వాత ఇంటిదారి పట్టాడు. భద్రమ్మ సంగటి కెలుకుతూ, ఇంతసేపు యాడికి పోయినావని అడిగింది. వాడలోకి అన్నాడు. మళ్లీ ఎందుకు పోయినావు అని ఆమె అడగలేదు. మరునాడు మిల్లుకు కాయల లారీ వస్తుందట, తెల్లారక ముందే రమ్మన్నారని చెప్పింది. ఆయన సరేనని కాళ్లు కడుక్కుని తిండికి కూర్చున్నాడు.